సందు దొరికితే ఆట: న్యూ బ్రన్స్‌విక్ నుంచి కాంటన్ దాకా

శనివారం, న్యూ బ్రన్స్‌విక్

అమెరికన్ ఫుట్‌బాల్ పుట్టిందని చెప్పే చోట ఇప్పుడు కార్లు నిలుపుతున్నారు. రట్గర్స్ విశ్వవిద్యాలయంలో కాలేజ్ అవెన్యూ మీద ఒక పాత వ్యాయామశాల ఉంది. న్యూజెర్సీ రాష్ట్రం 1947లో తన కొత్త రాజ్యాంగాన్ని రాసుకున్నది ఆ భవనంలోనే. అదీ, దాని పక్కనున్న పార్కింగ్ స్థలమూ కలిసి ఒకప్పటి కాలేజీ మైదానం. ఎడిసన్‌లో మా ఇంటి నుంచి ఇక్కడికి పావుగంట. ఈ చుట్టుపక్కల ఊళ్లలో తెలుగువాళ్లం వేలల్లో ఉన్నాం, మా పిల్లలు ఎంతోమంది ఇక్కడే చదివారు. ఈ సంగతి మాత్రం మాలో చాలామంది చెవిన పడలేదు.

నా మేనల్లుడు ఈ ఆటకు వీరాభిమాని. నాలుగు సెకన్లు ఆడి నలభై సెకన్లు నిలబడే ఈ తంతు ఏమిటని టీవీ ముందు నేను విసుక్కోవడం, వాడు ఓపికగా వివరించడం మా ఇంట్లో ఏళ్లుగా సాగుతోంది. "ఇలా కాదు మామయ్యా, మొదటినుంచీ చూసుకుంటూ వద్దాం. ఎందుకు ఆగుతారో మీకే తెలుస్తుంది" అని ఈ ప్రయాణానికి వాడే పథకం వేశాడు. అక్టోబరు చివరి వారం ఇద్దరికీ సెలవు కుదిరింది. మా ఆవిడ డబ్బా నిండా పులిహోర కట్టి పంపింది.

1869 నవంబరు 6న, అదీ శనివారమే, ప్రిన్స్‌టన్ కుర్రాళ్లు రైలెక్కి ఇక్కడికి వచ్చారు. జట్టుకు 25 మంది. బంతిని కాలితో తన్నవచ్చు, చేత్తో కొట్టవచ్చు. పట్టుకుని పరుగెత్తకూడదు. 1863లో లండన్‌లో ఏర్పడిన ఫుట్‌బాల్ అసోసియేషన్ నియమాలకు దగ్గరి పద్ధతి ఇది. ముందుగా ఆరు గోల్స్ చేసిన జట్టుదే గెలుపు. ప్రత్యేకమైన దుస్తులు లేవు. రట్గర్స్ వాళ్లు కొందరు తమ జట్టు తెలిసేలా ఎర్రగుడ్డలు తలపాగాల్లా చుట్టుకున్నారు. చూడవచ్చినవారు వందమంది దాకా ఉంటారు, కొందరు కంచె మీద ఎక్కి కూర్చున్నారు. బంతి వెంటపడిన ఇద్దరు భారీ మనుషులు, 'బిగ్ మైక్' అనిపించుకున్న ప్రిన్స్‌టన్ ఆటగాడు మైఖేల్, రట్గర్స్‌కు చెందిన జార్జ్ లార్జ్, వెళ్లి ఆ కంచెకే గుద్దుకున్నారు. కంచె విరిగింది, దానిమీది జనం నేల మీద పడ్డారు. ప్రిన్స్‌టన్ వాళ్లు పొడగరులు కావడంతో బంతిని పైకి లేపకుండా నేలబారుగా ఆడమని రట్గర్స్ కెప్టెన్ విలియం లెగెట్ తనవాళ్లకు చెప్పాడు. ఆ ఎత్తు పారింది. రట్గర్స్ 6, ప్రిన్స్‌టన్ 4. సరిగ్గా వారానికి ప్రిన్స్‌టన్‌లో జరిగిన రెండో పోటీలో ఓడినవాళ్లు 8–0తో లెక్క సరిచేశారు. ప్రిన్స్‌టన్ కెప్టెన్ విలియం గమ్మెర్ తరువాతి కాలంలో న్యూజెర్సీ ప్రధాన న్యాయమూర్తి అయ్యాడు.

"ఇది సాకర్ కదరా" అన్నాను. వాడు నవ్వి ఊరుకున్నాడు. తేదీ విషయంలో పేచీ లేదు, ఇక్కడ ఆడిన ఆట మాత్రం వేరు. నది అవతల పిస్కాటవేలో ఇప్పటి స్టేడియం బయట ఆ మొదటి పోటీకి కంచు విగ్రహం పెట్టారు. దాన్ని చూసి ఇంటికొచ్చి పడుకున్నాం.

ఆదివారం, న్యూ హేవెన్

కనెక్టికట్‌లోని న్యూ హేవెన్‌లో ముందుగా శ్మశానానికి వెళ్లాం. గ్రోవ్ స్ట్రీట్ శ్మశానానికి 1845లో ఈజిప్టు ఆలయం తీరులో లావుపాటి రాతి ద్వారం కట్టారు. దాని నుదుటన "మృతులు లేపబడుదురు" అనే బైబిలు మాట ఇంగ్లీషులో చెక్కి ఉంది. లోపల యేల్ విశ్వవిద్యాలయపు ఆచార్యులు, అధ్యక్షుల నడుమ వాల్టర్ క్యాంప్ సమాధి. మనం టీవీలో చూసే ఆటకు తండ్రి అంటూ ఒకరుంటే ఈయనే.

క్యాంప్ 1859లో ఇదే రాష్ట్రంలోని న్యూ బ్రిటన్‌లో పుట్టాడు, 1876లో యేల్‌లో చేరాడు. అప్పటికి హార్వర్డ్ వాళ్లు రగ్బీ పద్ధతిని అంటించుకున్నారు. అది వాళ్లకెలా అంటిందో హార్వర్డ్ ఉన్న కేంబ్రిడ్జ్ చేరాక చెబుతాను. 1875 నవంబరులో ఇక్కడి హామిల్టన్ పార్కులో చెరికొన్ని నియమాలు ఒప్పుకుని హార్వర్డ్, యేల్ తలపడితే హార్వర్డ్ నాలుగు గోల్స్‌తో గెలిచింది. ఓడిన యేల్‌కు ఆ కొత్త ఆట నచ్చింది.

రగ్బీలో ఆటగాడు పట్టుబడ్డాక రెండు జట్లూ తలలు ఆన్చి నెట్టుకుంటాయి. ఆ తోపులాటలోంచి బంతి ఎటు జారుతుందో దేవుడికే ఎరుక. క్యాంప్‌కు గిట్టనిది సరిగ్గా అదే. 1880లో ఆయన పట్టుపట్టి రెండు మార్పులు చేయించాడు. జట్టుకు 15 మంది బదులు 11 మంది. పట్టుబడ్డ జట్టు దగ్గరే బంతి ఉంటుంది, రెండు జట్లూ ఒక గీతకు అటూ ఇటూ నిలబడాలి, మధ్యలో ఉన్నవాడు కాలితో బంతిని వెనక్కి తోస్తే వెనక నిలబడ్డ క్వార్టర్‌బ్యాక్ అనే ఆటగాడు అందుకుని ఆట మొదలుపెట్టాలి. ఆట ఆగి మళ్లీ మొదలవడం అన్నది ఆ రోజు పుట్టింది. నన్ను ఇన్నేళ్లు విసిగించిన ఆ విరామానికి మూలపురుషుడి సమాధి ముందు నిలబడ్డానన్న మాట!

ఈ నియమంలో ఒక సందు ఉంది. బంతి మన దగ్గర ఉన్నంతకాలం దాన్ని వదులుకోవలసిన అవసరమే లేదు. 1881లో యేల్, ప్రిన్స్‌టన్ జట్లు ఈ సందులో దూరాయి. మొదటి సగమంతా ప్రిన్స్‌టన్ బంతిని పొదువుకుని కూర్చుంది, రెండో సగమంతా యేల్ అదే పని చేసింది. ఫలితం 0–0. డబ్బులు పెట్టి చూడవచ్చిన జనానికి ఒళ్లు మండింది. 1882లో క్యాంప్ దానికి విరుగుడు తెచ్చాడు. మూడు ప్రయత్నాల్లో 5 గజాలు ముందుకు పోవాలి, లేదా 10 గజాలు వెనక్కి తగ్గాలి. రెండూ చేతకాకపోతే బంతి ఎదుటివారిది. ఎంత ముందుకు పోయారో కొలవాలి కాబట్టి మైదానం మీద ప్రతి 5 గజాలకూ సున్నంతో గీతలు పడ్డాయి.

ఇది వినగానే నాకు ప్రొ కబడ్డీ గుర్తొచ్చింది. రెండుసార్లు పాయింటు లేకుండా కూత ముగిస్తే మూడో కూతకు వెళ్లినవాడు తాడోపేడో తేల్చుకోవలసిందే, లేకపోతే అవుట్. కాలం గడిపేసే జట్టును కదిలించడానికి పెట్టిన నిబంధన అది. తెలుగు టైటాన్స్ ఆట చూసినవాళ్లకు క్యాంప్ నియమాన్ని విడమరిచి చెప్పనక్కరలేదు. మేనల్లుడికి ఈ పోలిక ఎంత నచ్చిందంటే సాయంత్రం దాకా దాన్ని ఫోనులో స్నేహితులకు వినిపిస్తూనే ఉన్నాడు.

పాయింట్ల లెక్క కూడా క్యాంప్ కాలంలోనే స్థిరపడింది. 1883 పట్టిక చూస్తే ఈనాటి అభిమాని తల గోక్కుంటాడు. టచ్‌డౌన్‌కు, అంటే బంతిని ఎదుటివారి చివరి గీత దాటించినందుకు, 2 పాయింట్లు, దాని తరువాత కొట్టే గోలుకు 4, మైదానంలోంచి తన్నిన గోలుకు 5! కాలి దెబ్బకే విలువ, బంతి మోసుకుపోయినవాడికి చిల్లర. టచ్‌డౌన్‌కు 6 పాయింట్లు రావడానికి 1912 దాకా ఆగవలసి వచ్చింది.

క్యాంప్ జీతం తీసుకున్న ఉద్యోగం ఫుట్‌బాల్‌లో కాదు, న్యూ హేవెన్ క్లాక్ కంపెనీలో. చివరికి ఆ కంపెనీకి అధ్యక్షుడయ్యాడు. హామిల్టన్ వీధిలో ఆ పాత ఫ్యాక్టరీ ఎర్ర ఇటుకల గోడలను కారులోంచే చూశాం. పగలు గడియారాల పని వదిలి రాలేకపోయిన రోజుల్లో ఆయన భార్య ఆలిస్ సాధనకు వెళ్లి, ఎవరు ఎలా ఆడుతున్నారో రాసుకొచ్చి రాత్రి చెప్పేది. యేల్‌కు 1888లో ఇద్దరు శిక్షకులున్నారని చెప్పుకోవడంలో అతిశయోక్తి లేదు. గడియారాలు చేసేవాడి చేతిలో పడింది కాబట్టే ఈ ఆట ఇలా ముక్కలు ముక్కలుగా, కొలతలతో నడుస్తుందని నా అనుమానం. మేనల్లుడు ఒప్పుకోలేదు.

యేల్ బౌల్‌ను 1914లో నేలను తవ్వి కట్టారు. బయటి నుంచి చూస్తే గడ్డి కప్పిన మట్టికట్ట, సొరంగంలోంచి లోపలికి పోతే కళ్లముందు లోయలాంటి మైదానం. ప్రారంభోత్సవం నాడే హార్వర్డ్ 36–0తో యేల్ పరువు తీసింది. బౌల్ ముందున్న రాతి ద్వారం క్యాంప్ జ్ఞాపకార్థం కట్టింది. చందాలిచ్చిన కళాశాలలు, పాఠశాలల పేర్లు దాని గోడల మీద వరసగా చెక్కారు. చదవడం మొదలుపెట్టి మధ్యలో మానేశాం.

సోమవారం, స్ప్రింగ్‌ఫీల్డ్

మసాచుసెట్స్‌లోని ఈ ఊరికి జనం వచ్చేది బాస్కెట్‌బాల్ కోసం. 1891లో జేమ్స్ నైస్మిత్ ఆ ఆటను కనిపెట్టింది ఇక్కడే, దానికి పెద్ద ప్రదర్శనశాల కూడా ఉంది. మేం దాని వైపు పోకుండా మెయిన్ స్ట్రీట్‌లో రైలు వంతెన పక్కకు వెళ్లాం. ఒకప్పుడు ఇక్కడ మసాసాయిట్ హౌస్ అనే హోటలు ఉండేది. బోస్టన్, న్యూయార్క్ రైళ్లు కలిసే చోటు కావడంతో నాలుగు కళాశాలల వాళ్లకూ ఇది సౌకర్యం. 1876 నవంబరు 23న హార్వర్డ్, యేల్, ప్రిన్స్‌టన్, కొలంబియా విద్యార్థులు ఈ హోటల్లో కూర్చుని రగ్బీ నియమాలను కొద్దిగా మార్చుకున్నారు, యేల్ తప్ప మిగతా మూడు కళాశాలల వాళ్లూ ఇంటర్‌కాలేజియేట్ ఫుట్‌బాల్ అసోసియేషన్ పెట్టుకున్నారు. ఆచార్యులు లేరు, అధికారులు లేరు, అంతా ఇరవై ఏళ్ల కుర్రాళ్లే. ఆ తరువాత ఏటా సమావేశాల్లో క్యాంప్ గొంతు వినిపించేది.

హోటలు స్థలంలో తరువాత పారమౌంట్ సినిమాహాలు లేచింది. చూడటానికి పెద్దగా ఏమీ లేదు. కానీ నన్నడిగితే ఆట పుట్టిన చోటు ఇదే. రట్గర్స్ మైదానంలో ఆడినది పోయింది, ఇక్కడ బల్ల చుట్టూ రాసుకున్నది మిగిలింది.

స్ప్రింగ్‌ఫీల్డ్‌లో చూడవలసిన మరో సంగతి కనెక్టికట్ నది ఒడ్డున ఉండేది. ఇప్పుడు లేదు. హాంప్డెన్ పార్కు అనేవారు. 1892 నవంబరు 19న అక్కడ హార్వర్డ్, యేల్ తలపడ్డాయి. హార్వర్డ్‌కు లోరిన్ డీలాండ్ అనే ఆయన సలహాదారు. జన్మలో ఫుట్‌బాల్ ఆడి ఎరగడు, చదరంగం మాత్రం బాగా ఆడేవాడు. అప్పటి నియమం ప్రకారం ఆట మొదలుపెట్టే జట్టు బంతిని దూరం తన్ననక్కరలేదు. కాలితో తాకించి చేతిలోకి తీసుకుంటే చాలు. డీలాండ్ ఆ సందు పట్టాడు. రెండో సగం మొదట్లో హార్వర్డ్ ఆటగాళ్లు రెండు గుంపులుగా విడిపోయి, ఇరవై గజాలకు పైగా వెనక అటొక గుంపు ఇటొక గుంపు నిలబడ్డారు. కెప్టెన్ ట్రాఫర్డ్ బంతి తాకించకముందే రెండు గుంపులూ పరుగు అందుకుని, అతని ముందు ఈటె మొనలా కలుసుకున్నాయి. బంతి వెనకున్న బ్రూయర్ చేతికి పోయింది. పూర్తి వేగంతో వస్తున్న ఆ మనుషుల మొన యేల్ వరసలో ఒక్కడి మీదే పడింది. ముప్పై గజాల దాకా చీల్చుకుపోయింది.

ఆ రోజు గెలిచింది మాత్రం యేలే, 6–0. అయినా మరుసటి ఏడాదికి దేశంలోని జట్లన్నీ ఆ ఎత్తును అందిపుచ్చుకున్నాయి, ఎముకలు విరిగాయి. 1894లో దాన్ని నిషేధించి, ఆట మొదట్లో బంతి కనీసం 10 గజాలు పోవాలన్నారు. అదే ఏడాది ఇదే పార్కులో హార్వర్డ్, యేల్ ఎంత ఘోరంగా కొట్టుకున్నాయంటే తరువాతి రెండేళ్లు ఒకరి మొహం ఒకరు చూడలేదు. డీలాండ్ తెలివిని మెచ్చుకోవాలో తిట్టాలో తేలక నది ఒడ్డున చాలాసేపు వాదించుకున్నాం. చదరంగంలో బంటు చచ్చిపోతే మళ్లీ పెట్టెలో వేసుకోవచ్చు.

మంగళవారం, కేంబ్రిడ్జ్, బోస్టన్

బోస్టన్ కామన్ అనే పెద్ద పార్కులో, బీకన్ స్ట్రీట్ వైపు, నడుమెత్తు రాతి ఫలకం ఒకటుంది. 1862 నుంచి 1865 దాకా ఒనైడా ఫుట్‌బాల్ క్లబ్ ఈ నేల మీద అందరితో ఆడిందని, ఆ జట్టు గోలును ఎవరూ దాటలేకపోయారని రాశారు. అదంతా బడిపిల్లల జట్టు. రాయి పాతింది 1925లో, అప్పటికి మిగిలున్న ఏడుగురు పాత ఆటగాళ్లే. తమను ఎవరూ ఓడించలేదని తామే రాయి మీద చెక్కించుకున్న ఆ ముసలివాళ్లంటే నాకు ముచ్చటేసింది.

ఈ బోస్టన్ బడుల కుర్రాళ్లే పెద్దయి హార్వర్డ్‌లో చేరారు. అక్కడ ఫుట్‌బాల్ అంటే ఏటా చదువులు మొదలయ్యే సోమవారం నాడు రెండో ఏడాది విద్యార్థులు కొత్తవాళ్లను చితక్కొట్టే తంతు. 1860లో అధ్యాపకులు దాన్ని నిషేధిస్తే విద్యార్థులు బంతికి శవయాత్ర చేసి పాతిపెట్టారు. తరువాత తిరిగి మొదలైన 'బోస్టన్ గేమ్'లో ఎవరైనా తరుముతుంటే బంతి పట్టుకుని పరుగెత్తవచ్చు. అందుకే 1873లో మిగతా కళాశాలలు న్యూయార్క్‌లో కూర్చుని సాకర్ తరహా నియమాలు రాసుకుంటుంటే హార్వర్డ్ రానంది. ఇంటి దగ్గర ఎదురు నిలిచేవారు లేక కెనడాకు కబురు పంపింది. మాంట్రియల్ నుంచి మెక్‌గిల్ విశ్వవిద్యాలయం జట్టు వచ్చింది.

1874 మే 14న జార్విస్ ఫీల్డులో హార్వర్డ్ పద్ధతిలో ఆడితే హార్వర్డ్‌దే గెలుపు. మర్నాడు మెక్‌గిల్ పద్ధతిలో, అంటే కోడిగుడ్డు ఆకారపు బంతితో రగ్బీ ఆడితే ఎవరూ గెలవలేదు, ఓడలేదు. గెలిచిన ఆటను హార్వర్డ్ వదిలేసుకుంది, గెలవలేని ఆటను పట్టుకుంది. యేల్‌కు, అక్కడి నుంచి క్యాంప్‌కు రగ్బీ చేరిన దారి ఇది. మెక్‌గిల్ ఇంకెవరిదైనా ఆహ్వానం ఒప్పుకుని ఉంటే ఈ రోజు అమెరికాలో ఆదివారాలు సాకర్ చూస్తుండేవారేమో. జార్విస్ ఫీల్డు ఉన్న వైపు ఇప్పుడు న్యాయకళాశాల భవనాలు. పుస్తకాలు పట్టుకుని నడుస్తున్న విద్యార్థుల్లో ఒక్కరూ మావైపు చూడలేదు.

చార్లెస్ నది దాటితే హార్వర్డ్ స్టేడియం. 1903లో 1879 బ్యాచి పూర్వ విద్యార్థుల విరాళంతో కట్టారు. ఉక్కు కడ్డీల కాంక్రీటుతో అంత పెద్ద కట్టడం లేపడం ఆ రోజుల్లో సాహసం. గుర్రపు నాడా ఆకారంలో మెట్లు, పైన రోమన్ తీరు స్తంభాల వరస. ఒక మెట్టు మీద కూర్చుని అరచేయి ఆన్చి చూశాను. కాంక్రీటు పైపొర అరిగి లోపలి గులకరాళ్లు తేలి ఉన్నాయి, ఎండకు వెచ్చగా ఉన్నాయి. మిగిలిన పులిహోర అక్కడే కానిచ్చాం.

ఈ మెట్ల కథ కూడా నియమాల కథే. గీత దగ్గర ఎదురెదురుగా నిలబడి గుంపుగా తోసుకోవడం ఎక్కువైంది. 1888లో నడుము కింద పట్టుకోవడానికి అనుమతించాక ఆటగాళ్లు మరీ దగ్గరదగ్గరగా మూగారు. 1905లో కనీసం 18 మంది కుర్రాళ్లు చనిపోయారని షికాగో ట్రిబ్యూన్ లెక్కగట్టింది. అధ్యక్షుడు థియొడోర్ రూజ్‌వెల్ట్ ఆ అక్టోబరు 9న హార్వర్డ్, యేల్, ప్రిన్స్‌టన్ పెద్దలను, క్యాంప్‌తో సహా, వైట్‌హౌస్‌కు పిలిచి ఆటను శుభ్రం చేయమన్నాడు. ఆయన కొడుకే హార్వర్డ్ మొదటి ఏడాది జట్టులో ఆడుతూ ముక్కు విరగ్గొట్టుకున్నాడు. హార్వర్డ్ అధ్యక్షుడు ఎలియట్ అయితే ఈ ఆటను పూర్తిగా మాన్పించాలన్నాడు.

ఆటగాళ్లు గుమిగూడకుండా చేయడమెలా? మైదానాన్ని 40 అడుగులు వెడల్పు చేస్తే ఆటగాళ్లు విస్తరిస్తారని ఒక ప్రతిపాదన. కానీ మూడేళ్ల కిందటే కట్టిన ఈ కాంక్రీటు మెట్లను జరపడం ఎవరి తరం? మిగిలిన మార్గం బంతిని ముందుకు విసరనివ్వడం. క్యాంప్‌కు అది బొత్తిగా ఇష్టం లేదు. ఆయన కోరుకున్నది మూడు ప్రయత్నాల్లో 10 గజాలు. 1906లో రెండూ అమల్లోకి వచ్చాయి. "మీరు కూర్చున్న మెట్టే ఫార్వర్డ్ పాస్‌ను తెచ్చింది మామయ్యా" అన్నాడు మేనల్లుడు. ఈ ప్రయాణంలో వాడు చెప్పిన మంచి మాట అదొక్కటే అని నేను ఒప్పుకున్నాను.

బుధవారం, దారిలో

రోజంతా కారులోనే. స్క్రాంటన్ మీదుగా పెన్సిల్వేనియాలోకి దిగాం, కొండల మీద చెట్లు సగం ఆకు రాల్చేశాయి. న్యూయార్క్‌కు పోలేదు, పోతే రెండు రోజులు మింగేస్తుంది. అక్కడా చూడవలసినవి హోటలు గదులే. 1905 నవంబరులో యూనియన్ కళాశాల ఆటగాడు హెరాల్డ్ మూర్ న్యూయార్క్ విశ్వవిద్యాలయంతో ఆడుతూ చనిపోయాక, ఆ విశ్వవిద్యాలయ అధిపతి మెక్‌క్రాకెన్ కళాశాలలను పిలిచాడు. డిసెంబరు 28న 62 సంస్థలు కూడాయి. అమెరికా కళాశాలల క్రీడలను నడిపే ఈనాటి ఎన్‌సీఏఏ సంఘానికి పునాది అది. 1925 మార్చిలో నియమాల కమిటీ సమావేశాలకు న్యూయార్క్ వచ్చిన వాల్టర్ క్యాంప్ హోటల్లో నిద్రలోనే పోయాడు.

చీకటి పడ్డాక కార్లైల్ చేరాం.

గురువారం, కార్లైల్

మేం చూడవచ్చిన చోటు ఇప్పటికీ సైనిక స్థావరమే, అమెరికా సైన్యపు వార్ కాలేజీ ఇందులోనే ఉంది. గేటు దగ్గర కార్డులు చూపించి, తనిఖీ ముగించుకుని పాసు తీసుకున్నాం. 1879 నుంచి 1918 దాకా ఇక్కడ కార్లైల్ ఇండియన్ ఇండస్ట్రియల్ స్కూల్ నడిచింది. దేశం నలుమూలల నుంచి ఆదివాసీ పిల్లలను తెచ్చి, జుట్టు కత్తిరించి, పేర్లు మార్చి, సొంత భాష నోట రానివ్వకుండా పెంచిన బడి. పెట్టినవాడు రిచర్డ్ హెన్రీ ప్రాట్ అనే సైనికాధికారి. వాళ్లలోని ఇండియన్‌ను, అంటే ఆదివాసీని, చంపి మనిషిని కాపాడాలన్నది 1892లో ఆయన బాహాటంగా చెప్పిన మాట.

ఒక కుర్రాడికి కాలు విరిగాక ప్రాట్ బయటి జట్లతో ఫుట్‌బాల్‌ను నిషేధించాడు. పిల్లలు వెళ్లి బతిమాలుకున్నారు. ఆయన రెండు షరతులు పెట్టాడు. ఎదుటివాడు కొట్టినా చేయి ఎత్తకూడదు. కొన్నేళ్లలో దేశంలోని అతి పెద్ద జట్టును ఓడించాలి. పిల్లలు సరేనన్నారు. 1899లో పాప్ వార్నర్ శిక్షకుడిగా వచ్చాడు.

ఇంతవరకూ సందుల్లో దూరిన గడుసువాళ్లంతా సంపన్నుల బిడ్డలు, వాళ్లే నియమాలు రాసుకున్నవాళ్లు కూడా. కార్లైల్ పిల్లలకు ఏ కమిటీలోనూ చోటు లేదు. ఎదుటివాళ్ల కంటే తేలిక, జట్టులోకి ఎంచుకోవడానికి మనుషులూ తక్కువ. వాళ్లకున్నవి వేగమూ, ఉపాయమూ. 1903 అక్టోబరు 31న హార్వర్డ్ మెట్ల ఎదుట కాదు గానీ (అవి అప్పటికింకా తెరవలేదు) హార్వర్డ్ మీదే ఆడుతూ, రెండో సగం మొదట్లో తమవైపు వచ్చిన బంతి చుట్టూ గుంపుగా మూగారు. ఆ చాటున బంతిని చార్లెస్ డిల్లన్ చొక్కా వెనక దోపి, అందరూ తలోవైపు పరుగెత్తారు. చేతులు రెండూ ఖాళీగా ఊపుకుంటూ పోతున్న డిల్లన్‌ను ఎవరూ పట్టించుకోలేదు. టచ్‌డౌన్. చివరికి హార్వర్డ్ 12–11తో గట్టెక్కింది గానీ జనం నెలల తరబడి చెప్పుకున్నది చొక్కాలో బంతి గురించే. నాకైతే ఈ ప్రయాణంలో విన్న అన్ని ఎత్తుల్లోకీ ఇదే నచ్చింది. ఎవరి ఎముకా విరగలేదు.

1906లో బంతి విసరవచ్చన్నాక పెద్ద కళాశాలలు అనుమానంగా చూస్తూ కూర్చున్నాయి. విసిరిన బంతి ఎవరికీ తగలకుండా నేల మీద పడితే ఎదుటివారికి పోతుంది, అంత ప్రమాదం ఎందుకని. ఆ ఏడాది సెప్టెంబరులోనే విస్కాన్సిన్‌లో సెయింట్ లూయిస్ ఆటగాడు బ్రాడ్‌బరీ రాబిన్సన్ మొదటి చట్టబద్ధమైన పాస్ విసిరాడు. కానీ దాన్ని దెబ్బకొట్టే ఆయుధంగా తూర్పు తీరానికి చూపించింది కార్లైల్. 1907లో ఫిలడెల్ఫియాలో, అంతవరకూ ఓటమి ఎరగని పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయాన్ని 26–6తో చిత్తుచేశారు. 1911లో హార్వర్డ్‌పై 18–15. ఆ రోజు కార్లైల్ ఆటగాడు జిమ్ థోర్ప్ కాలికి కట్టుకట్టుకుని, మైదానంలోంచి తన్నే ఫీల్డ్ గోల్స్ నాలుగు కొట్టాడు. 1912 నవంబరు 9న వెస్ట్ పాయింట్‌లో సైనిక కళాశాలపై 27–6. థోర్ప్‌ను ఆపబోయి దెబ్బతిన్నవాళ్లలో ఐసెన్‌హోవర్ అనే కుర్రాడూ ఉన్నాడు, తరువాత దేశాధ్యక్షుడైనవాడే.

పాత మైదానం, దాని పక్కన కూర్చునే మెట్లు ఇంకా ఉన్నాయి. కానీ ఇక్కడ ఆడిన పోటీలు తక్కువ. టిక్కెట్ల డబ్బు పెద్ద నగరాల్లో ఉంది కాబట్టి పిల్లలను రైళ్లలో తిప్పారు. ఆ డబ్బు లెక్కల మీద, వార్నర్ ప్రవర్తన మీద విద్యార్థులే ఫిర్యాదు చేస్తే 1914లో కాంగ్రెస్ విచారణ జరిపింది. వార్నర్ వెళ్లిపోయాడు. మరో ఊళ్లో మరో జట్టు, మరింత కీర్తి.

గేటు దగ్గర రోడ్డు పక్కనే శ్మశానం. తెల్లరాళ్లు, వరసలు వరసలుగా, నడుము దాకా కూడా లేవు. పేరు, తెగ, తేదీ. తెగల పేర్లు చదువుకుంటూ పోయాను: సియూ, అపాచీ, షాయెన్, అరాపహో. కొన్నింటి మీద పేరు కూడా లేదు, తెలియదు అని మాత్రమే. చాలామంది క్షయతో పోయిన పిల్లలు. 1927లో పాత చోటు నుంచి తవ్వి ఇక్కడికి మార్చారు. 2017 నుంచి తెగలవాళ్లు వచ్చి తమ పిల్లల అస్థికలను ఇళ్లకు తీసుకుపోతున్నారు. ఒక రాయి పాదాల దగ్గర ఎవరో చిన్న బొమ్మ ఎలుగుబంటిని, చాక్లెట్లను పెట్టారు. మేనల్లుడు ఫోను జేబులో పెట్టుకున్నాడు. 2024 డిసెంబరులో ఈ బడి స్థలాన్ని జాతీయ స్మారకంగా ప్రకటించారు.

ఊళ్లోని చరిత్ర సంఘం భవనంలో జట్టు ఫొటోలున్నాయి. పేరెన్నికగన్న జట్టు అని చెప్పుకునేవాళ్లు, అవే గోడల మీద బడిలో చేరిన రోజు తీసిన ఫొటోను, కొన్నేళ్ల తరువాతి ఫొటోను పక్కపక్కన పెట్టి చూస్తే మంచిది.

శుక్రవారం, పిట్స్‌బర్గ్, కాంటన్

పిట్స్‌బర్గ్‌లో ఆగింది కాఫీకి, ఒక్క తేదీకి. 1892 నవంబరు 12న నది ఉత్తర ఒడ్డున రిక్రియేషన్ పార్కులో అలెగెనీ అథ్లెటిక్ అసోసియేషన్ తన స్థానిక ప్రత్యర్థితో ఆడింది. యేల్‌లో క్యాంప్ తయారుచేసిన మేటి ఆటగాడు పడ్జ్ హెఫెల్‌ఫింగర్‌ను డబ్బిచ్చి రహస్యంగా పిలిపించింది. ఎదుటి జట్టు చేతిలోంచి జారిన బంతిని అందుకుని అతను పరుగెత్తాడు, 4–0తో గెలిపించాడు. జీతానికి ఆడటం పరువు తక్కువ అనుకునే కాలం కాబట్టి ఈ సంగతి దశాబ్దాల పాటు గుట్టుగా ఉండిపోయింది.

గుట్టు రట్టు చేసిన కాగితం ఒహాయోలోని కాంటన్‌లో ఉంది. 1963లో తెరిచిన ప్రొ ఫుట్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో ఆ క్లబ్బు ఖాతా పుట అద్దాల వెనక పెట్టారు. చేతిరాత లెక్కలు. ఆడినందుకు హెఫెల్‌ఫింగర్‌కు నగదుగా 500 డాలర్లు. అన్ని ఖర్చులూ పోగా క్లబ్బుకు మిగిలిన లాభం 621. దొంగతనంగా ఇచ్చిన డబ్బుకు కూడా నిక్కచ్చిగా పద్దు రాసిన ఆ గుమాస్తా ఎవరో గానీ, మహానుభావుడు. చుట్టూ కంచు తలలు, మెరిసే ఉంగరాలు ఎన్ని ఉన్నా నేను ఎక్కువసేపు నిలబడింది ఆ పుట ముందే.

కాంటన్ కథ కూడా ఒక గదిలోనిదే. 1915లో కాంటన్ బుల్‌డాగ్స్ జట్టు ఆటకు 250 డాలర్ల చొప్పున జిమ్ థోర్ప్‌ను తెచ్చుకుంది. 1912 స్టాక్‌హోమ్ ఒలింపిక్స్‌లో రెండు స్వర్ణాలు గెలిచి, బేస్‌బాల్‌కు చిల్లర డబ్బు తీసుకున్నాడన్న నేరం మీద మరుసటి ఏడాదే వాటిని పోగొట్టుకున్నవాడు. ఆ స్వర్ణాలకు ఏకైక విజేతగా మళ్లీ ఒప్పుకోవడానికి ఒలింపిక్ కమిటీకి 2022 దాకా పట్టింది. జట్లు ఒకరి ఆటగాళ్లను ఒకరు డబ్బుతో లాక్కుంటూ దివాలా తీస్తున్నాయని 1920 సెప్టెంబరు 17న బుల్‌డాగ్స్ యజమాని రాల్ఫ్ హే అందరినీ పిలిచాడు. ఆయనది హప్‌మొబైల్ కార్ల దుకాణం. వచ్చినవాళ్లకు కుర్చీలు చాలక కార్ల పక్కమెట్ల మీద కూర్చున్నారు. బకెట్లలో బీరు. సభ్యత్వ రుసుము 100 డాలర్లు అని నిర్ణయించారు, అది ఎవరూ కట్టలేదని వచ్చినవారిలో ఒకరైన జార్జ్ హాలస్ తరువాత చెప్పాడు. పేరు కోసం థోర్ప్‌ను అధ్యక్షుడిని చేశారు. 1922లో ఆ సంఘమే ఎన్ఎఫ్ఎల్, అంటే నేషనల్ ఫుట్‌బాల్ లీగ్, అయింది. ఆ లీగులోని వాషింగ్టన్ జట్టు 2023లో 605 కోట్ల డాలర్లకు చేతులు మారింది.

దుకాణం లేదు. ఊరి నడిబొడ్డున ప్రభుత్వ కార్యాలయం ఉన్న చోట అది ఉండేది. హే పిలిచిన వాళ్లలో అక్రన్ జట్టు వాళ్లూ ఉన్నారు. ఆ మొదటి ఏడాది విజేతలు వాళ్లే. వాళ్లలో ప్రధాన ఆటగాడు ఫ్రిట్జ్ పొలార్డ్, నల్లజాతివాడు. 1921లో ఆ జట్టుకు శిక్షకుడు కూడా అయ్యాడు. 1934 నుంచి 1945 దాకా మాత్రం ఈ లీగులో ఒక్క నల్లజాతి ఆటగాడు లేడు. అలా వెలివేయాలని ఏ నియమ పుస్తకంలోనూ రాయలేదు, యజమానులు మాట అనుకున్నారంతే. పొలార్డ్‌ను ఈ హాల్లోకి తీసుకున్నది 2005లో, ఆయన పోయిన పంతొమ్మిదేళ్లకు.

"అక్రన్ ఇక్కడికి 25 మైళ్లే మామయ్యా. రాత్రికి అక్కడుందాం" అన్నాడు మేనల్లుడు. ఎడిసన్ ఉన్నది తూర్పున. మా ఆవిడకు ఫోను చేసి రేపు రాత్రికి గానీ చేరలేమని చెప్పి, కారును ఉత్తరానికి తిప్పమన్నాను.